గోడ అవతల ఇసుక చప్పుడు

ఇంకా మొదలుపెట్టలేదు. మొదలుపెడితే ముందు నా వీపుకి తెలుస్తుంది, తరవాతే చెవికి, ఎందుకంటే ఈ బెంచీ ఆనుకున్న గోడకి అవతలే ఆ గది, ఆ గదిలో బీరువాలాంటి ఇనుప పెట్టె, పెట్టెలో ఇటుక, ఇటుక ముఖం మీద గాలితో కొట్టే నల్లటి ఇసుక. మా అమ్మాయిది ఆ ఇసుక కొట్టే ఉద్యోగం. ఎవరైనా అడిగితే ఇటుకల పరీక్ష అంటాను, వాళ్ళు ఇల్లు కట్టే ఇటుకలనుకుంటారు, కాదండీ, సిమెంటు బట్టీల్లాంటి వాటి లోపల వరసగా పేర్చే ఇటుకలు, నిప్పుకి కరగనివి, అనేసరికి వాళ్ళు పక్కకి చూడడం మొదలుపెడతారు. మా ఆయన బాగా చెబుతారు. చిన్నప్పుడు ఇది గోడ మీద సున్నం గోళ్ళతో గీకి తినేది, ఎన్ని దెబ్బలు వేసినా మానలేదు, "అప్పుడు గీకితే కొట్టావు, ఇప్పుడు గీకమని జీతమిస్తున్నారు చూడు" అంటారు. నవ్వొస్తుంది. ఇవాళ రాలేదు. పొద్దున అమ్మాయి వెళ్ళిన బస్సు తరవాతి బస్సులో నేనూ ఎక్కాను, వస్తున్నట్టు దానికి చెప్పలేదు, చెబితే "నువ్వక్కడికొచ్చి ఏం చేస్తావమ్మా, భయపడతావు, అదేదో ఇంట్లో కూర్చుని భయపడు" అంటుంది. నిజమే, భయపడడానికి టిక్కెట్టు కొనుక్కుని రావాలా. కానీ ఇంట్లో భయం ఊరికే ఉండదు, వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి, అక్కడినుంచి పోలీసు స్టేషన్ దాకా పోయి వస్తుంది; ఇక్కడైతే ఒక తలుపు, తలుపు మీద ఒక ఎర్ర దీపం, అది వెలిగితే లోపలికి ఎవరూ పోకూడదు. ఇంకా వెలగలేదు.

గేటు దగ్గర కాపలా ఆయన నన్ను ఎరుగును. అమ్మాయికి కామెర్లు వచ్చి తగ్గాక, బయటి తిండి వద్దని డాక్టరు చెప్పాక, నేను రోజూ డబ్బా పట్టుకుని వచ్చి ఈ బెంచీ మీదే కూర్చునేదాన్ని, అది తిని ఖాళీ డబ్బా ఇచ్చేదాకా కదిలేదాన్ని కాదు. అందుకే ఇవాళ ఆయన నా చేతులు చూసి "డబ్బా ఏదమ్మా" అన్నాడు. "ఊరికే వచ్చాను బాబూ" అన్నాను. ఊరికే. లోపల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఇటుకలు తయారుచేసిన కంపెనీ మనిషి ఉన్నాడు, మేనేజరున్నాడు, నా కూతురుంది, నేనేమో ఊరికే వచ్చాను. కాపలా ఆయన గొంతు తగ్గించి "పెద్దవాళ్ళొచ్చారు, మీరు మరీ తలుపు దగ్గరికి పోకండి" అన్నాడు. పోను. గోడ చాలు నాకు.

జరిగింది ఇదీ. ఆ ఫ్యాక్టరీలో బట్టీ నుంచి వేడి దుమ్ము పోయే పెద్ద గొట్టం ఒకటుంటుందట, మనిషి నిలబడి నడవచ్చట అందులో, చల్లగా ఉన్నప్పుడు. ఆ గొట్టం వంపు దగ్గర దుమ్ము దూసుకువచ్చి గోడని కొడుతూనే ఉంటుంది, రాత్రీ పగలూ. అందుకని లోపలంతా ఇటుకలు పేరుస్తారు. ఏళ్ళపాటు ఉంటాయన్న ఇటుకలు నెలల్లోనే అరిగిపోయాయి, వెనక ఇనుప రేకు ఎర్రబడి చిల్లుపడి, ఆ వేడి దుమ్ము కింద నడుస్తున్న మనిషి మీద పడింది. బతికాడు. బతికాడని అమ్మాయి చెప్పినప్పుడు నేను చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేసి, ఎక్కడెక్కడ కాలింది అని అడిగాను, అది చెప్పలేదు, ముఖం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు, కుళాయి పారుతూనే ఉంది. ఆ ఇటుకలు గట్టివే, అరగవు అని కాగితం మీద సంతకం పెట్టింది మా అమ్మాయే; స్టోరులో మిగిలిన ఆ ఇటుకల్నే ఇవాళ వాళ్ళందరి ముందు మళ్ళీ పరీక్ష చెయ్యాలి.

పరీక్ష ఎలా చేస్తారో నాకు తెలుసు, ఒకసారి సెలవురోజున లోపలికి తీసుకెళ్ళి చూపించింది. ఇటుకని ముందు పొయ్యిలాంటి దాంట్లో పెట్టి చెమ్మంతా పోయేలా ఆరబెడతారు, చల్లారాక తూస్తారు, ఆ త్రాసుకి కూడా అద్దాల ఇల్లు, ఊపిరి తగిలితే లెక్క మారుతుందట, నేను ముక్కు మూసుకుని చూశాను. తరవాత ఇటుకని ఆ ఇనుప పెట్టెలో పడుకోబెట్టి, పైనుంచి గాజు గొట్టంలోంచి ఆ నల్లటి ఇసుక గాలితో తిన్నగా దాని ముఖాన కొడతారు. మన ఏటి ఇసుకలాంటిది కాదు, పంచదార పలుకుల్లా ఉంటుంది, వెలుతురులో మెరుస్తుంది, చేతిలోకి తీసుకోబోతే "వద్దమ్మా, కోసుకుంటుంది" అంది. ఇసుక అయిపోయాక ఇటుకని మళ్ళీ తూస్తారు. తక్కువ తగ్గితే గట్టి ఇటుక, ఎక్కువ తగ్గితే పనికిరానిది. అంతే, అంత చిన్న మాట. పరీక్ష అయిన ఇటుక ఒకటి నా చేతిలో పెట్టింది, మధ్యలో గుంట పడి ఉంది, నున్నగా, పసిపిల్ల బుగ్గ మీద సొట్టలాగా, నా బొటనవేలు సరిగ్గా అందులో పట్టింది. నా బొటనవేలు అరిగిపోయినదే. మొన్న ఫోను కొట్లో వేలిముద్ర పెట్టమంటే పడలేదు, తుడిచి పెట్టినా పడలేదు, "గిన్నెలు ఎక్కువ తోముతారా ఆంటీ" అని ఆ కుర్రవాడు నవ్వాడు. సబ్బు అరుగుతుంది, చెప్పులు అరుగుతాయి, మేము చదువుకున్న బడి మెట్లు మధ్యలో పల్లంపడి వాన వస్తే నీళ్ళు నిలిచేవి, నేను ఏడో తరగతితోనే ఆ మెట్లు దిగేశాను. అన్నీ అరుగుతాయి. నా భయమొక్కటీ ఎన్నేళ్ళు వాడినా పదును తగ్గదు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, నన్ను తుఫాను హెచ్చరిక అని పిలుస్తారు, "ఇవాళ ఎన్నో నంబరు ఎగరేశావు" అని అడుగుతారు ఇంటికి రాగానే. ఇవాళ పొద్దున మాత్రం అడగలేదు, అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి తీసి, ఏమీ అనకుండా సైకిలెక్కారు. ఆయన హాస్యమాడకపోయేసరికి నేను చెప్పులేసుకుని బయల్దేరాను.

ఎందుకంటే నాకొక సంగతి తెలుసు. ఆయనకీ తెలియదు అది. ఎప్పుడో ఒక సాయంత్రం అన్నం తింటూ అమ్మాయి మాటవరసకి చెప్పింది, కొత్త ఇసుక బస్తాలు రాలేదమ్మా, మేనేజరుగారు పాతదే జల్లించి వాడమంటున్నారు, అని. వాడితే ఏం, అన్నాను నేను, జల్లెడ పట్టాక శుభ్రమే కదా. అది నవ్వి, శుభ్రం సంగతి కాదమ్మా, ఒకసారి కొట్టాక ఇసుక మూలలు విరిగి మొద్దుబారిపోతుంది, మొద్దు ఇసుక ఇటుకని గీకదు, నిమురుతుంది, అప్పుడు ఏ ఇటుకైనా గట్టిదే, అంది. పారెయ్యాలట అసలు, ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదట. అలా అని పచ్చడి వేసుకుంది. నేనూ వేసేశాను, పచ్చడి. ఆ మాట అప్పుడు నా చెవిలో పడి ఎక్కడికో దొర్లిపోయింది, మళ్ళీ ఆ మనిషి కాలాడన్న రోజున దొర్లుకుంటూ బయటికి వచ్చింది. ఆ ఇటుకలు ఆ రోజుల్లో పరీక్ష చేసినవే. అమ్మాయి ఒప్పుకోలేదు, కాదనలేదు, నేనడిగితే గోడ వంక చూసింది. మేనేజరు దాన్ని పిలిచి "ఆ ఇసుక సంగతి మనలో మనకే, బయటివాళ్ళకి అర్థం కాదు" అన్నాడట. అర్థం కాదా. నాకు అర్థమైంది కదా, ఏడో తరగతి దానికి. రేపు ఏదైనా అయితే మేనేజరు నేనెప్పుడన్నాను అంటాడు, సంతకం నా పిల్లది, కాగితం మీద నా పిల్ల చేతివ్రాత, చిన్నప్పుడు నేను చెయ్యి పట్టి దిద్దించిన అక్షరాలు. పొద్దున తల దువ్వుకుంటుంటే వెనక నిలబడి చెప్పాను. చూడు తల్లీ, ఎవరేమడిగినా ఇసుక మాట ఎత్తకు. ఇవాళ ఇటుక ఎక్కువ అరిగితే స్టోరులో చెమ్మ పట్టిందేమో అని చెప్పు. అద్దంలో నన్నే చూస్తూ "ఆరబెట్టాకే కదమ్మా తూస్తాం" అంది. అది వాళ్ళకి తెలుసా, అన్నాను. జడ వేసుకోవడం పూర్తిచేసి, దువ్వెనలో వెంట్రుకలు తీసి చుట్టి, కిటికీలోంచి పడేసి వెళ్ళిపోయింది. అది ఊఁ అన్నట్టా, కాదన్నట్టా. దాని మౌనాలన్నీ నాకు తెలుసుననుకునేదాన్ని.

ఎవరో వచ్చారు. తెల్ల చొక్కా మనిషి ఒకామెను వెంటబెట్టుకుని వచ్చి, "ఇక్కడ కూర్చో పెద్దమ్మా, నేను లోపల అడిగొస్తాను" అని తలుపు దాకా పోయి, అప్పుడే దాని మీద ఎర్ర దీపం వెలగడంతో ఆగిపోయి, చేసేది లేక టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. దీపం వెలిగింది. ఆమె నాకన్నా పెద్దది, చెప్పులు విడిచి బెంచీ కిందకి తోసి, కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది, తనింట్లో కూర్చున్నట్టు. ఆసుపత్రి వాసన వచ్చింది ఆమె దగ్గర, ఆ మందు నీళ్ళ వాసన నాకు తెలుసు, కామెర్లప్పుడు పది వార్డులు తిరిగిన ముక్కు నాది. ఆ వాసనతోనే అర్థమైపోయింది ఎవరో. నేను పక్కకి జరగలేదు. జరిగితే తెలిసిపోతుందనిపించింది.

"మీవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ, చెల్లెమ్మా" అంది.

"కాపలా ఆయన తెలిసినాయన. ఎండగా ఉందని కూర్చున్నా" అన్నాను. నా నోటినుంచి అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, అంతకుముందే ఎవరో అక్కడ పెట్టి ఉంచినట్టు.

"మావాడు ఆ ఫ్యాక్టరీలో బట్టీ మంట చూస్తాడు" అంది ఆమె. "మీద పడింది వాడి మీదే."

చెయ్యి, భుజం, మెడ ఒక పక్క అని తన ఒంటి మీద చూపించింది, చీర కట్టుకునే కొలతలు చూపించినంత మామూలుగా. ముఖం బతికిపోయింది అంది. ఏమనాలో తెలియక, దేవుడు చల్లగా చూశాడు అన్నాను, అనగానే, చూసి ఉంటే ఇలా కాలేవాడా అని ఆమె అంటుందేమోనని భయపడ్డాను, అనలేదు. అప్పుడు గోడ మొదలైంది.

స్ స్ స్. మెత్తగా. చేటలో బియ్యం దొర్లినట్టు, దూరంగా వాన రేకుల మీద కాక మట్టి మీద పడినట్టు. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ చప్పుడు నాకు తెలుసు. డబ్బా తెచ్చిన రోజుల్లో మొదట్లో వేరే చప్పుడు వచ్చేది, చర్రుమని పళ్ళు జివ్వుమనేలా, పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు, ఈ గోడకి వీపు ఆనించలేకపోయేదాన్ని. తరవాత కొన్నాళ్ళకి మెత్తబడిపోయింది, అప్పుడు మిషను బాగు చేయించారేమో అనుకున్నాను, వీపుకి హాయిగా ఉందని కూడా అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది అది ఏమిటో. లోపల పాత ఇసుకే పోశారు. అంత పెద్దవాళ్ళ ముందు, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ ముందు, మేనేజరు ఆ జల్లించిన ఇసుకే పోయించాడు, వాళ్ళు ఇటుకని చూస్తారు, త్రాసుని చూస్తారు, ఇసుకని ఎవరు చూస్తారు. ఇటుక అరగదు. గట్టి ఇటుకే అని తేలుతుంది. నా పిల్ల సంతకం నిలబడుతుంది. నా గుండెలోంచి ఏదో బరువు దిగి కాళ్ళలోకి పోయింది, చచ్చిపోతున్నానేమో అనుకున్నాను, తీరా చూస్తే అది ప్రాణం కుదుటపడడం, నాకు అలవాటు లేక పోల్చుకోలేదు.

"ఏమిటా మోత" అంది ఆమె.

"ఇటుక మీద ఇసుక కొడుతున్నారు. అరుగుతుందో లేదో చూడడానికి."

"మీకెలా తెలుసు?"

"కాపలా ఆయన చెప్పాడు."

ఆమె గోడకి చెయ్యి ఆనించింది, అరచెయ్యి మొత్తం, జ్వరం చూసినట్టు. "అరగాలి" అంది. నాతో కాదు, గోడతో. నాకు అర్థం కాలేదు. నేను అడగకూడదు, అడిగాను. అప్పుడు చెప్పింది. ఇటుక గట్టిదని తేలితే తప్పు తన కొడుకుదవుతుందట. మంట మరీ ఎక్కువ పెట్టి, గాలి ఎక్కువ లాగించి, మంచి ఇటుకని వాడే తినేశాడని వాళ్ళ ఆఫీసర్లు అప్పుడే అంటున్నారట, తన ఒంటి మీదికి తానే తెచ్చుకున్నాడని. వాడు మంచం మీద పడుకుని, నేను పెట్టలేదమ్మా, ఎప్పుడూ పెట్టేంతే పెట్టాను, ఎప్పుడూ పెట్టేంతే, అని మగతలో కూడా అదే అంటున్నాడట, పెళ్ళాం వస్తే ఆ పిల్లతో కూడా అదే, నర్సుతో కూడా అదే. "నొప్పని ఒక్కసారీ అన్లేదమ్మా వాడు. ఆ మాటే అంటున్నాడు. నేను నమ్ముతానురా అంటే, నువ్వు నమ్మితే ఏం లాభం అన్నాడు."

లోపల ఆగింది. మొదటి ఇటుక అయిపోయింది. ఇప్పుడు తీస్తారు, దుమ్ము దులుపుతారు, తూస్తారు. అమ్మాయి చేతులే ఆ పని చేస్తూ ఉంటాయి, ఆ సన్నటి చేతులు, నేను కామెర్లలో చెంచాతో నీళ్ళు తాగించినప్పుడు ఇవెక్కడ నిలుస్తాయి దేవుడా అనుకున్న చేతులు. ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఇటుక మంచిదే కావాలి. అమ్మినవాడికి కావాలి, మేనేజరుకి కావాలి, ఫ్యాక్టరీవాళ్ళకి కూడా కావాలి, తప్పు మంచం మీద ఉన్నవాడి మీద పెట్టేస్తే మిగతావాళ్ళు ఇంటికి పోవచ్చు. గది బయట నాకు కావాలి. అక్కర్లేనిది ఒక్క ఈమెకి, చెప్పులు బెంచీ కిందకి తోసి కూర్చున్న ఈమెకి. ఒక్క గోడ మీద ఇద్దరం వీపులు ఆనించి కూర్చుని, ఒక్క చప్పుడు వింటూ, నేను అరగకూడదని, ఈమె అరగాలని. దేవుడనేవాడు వింటుంటే ఎవరి మాట వింటాడు. ముందుగా వచ్చి కూర్చున్నది నేనే కదా అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా, కుళాయి దగ్గర బిందె పెట్టినట్టు.

చిన్నప్పుడు అమ్మాయికి, తమ్ముడికి ఏది పెట్టినా అదే పంచేది. వాడికి పెద్ద ముక్క వెళ్ళిందనిపిస్తే గోల చెయ్యడం అందరు పిల్లలకీ ఉన్నదే, ఇది తనకి పెద్దది వచ్చినా గోల చేసేది, సరిచెయ్యమని, సరిచేసేదాకా తినేది కాదు. మా ఆయన దానికి తక్కెడ అని పేరు పెట్టారు. "మీ తక్కెడొచ్చింది, దాచుకోండి" అనేవారు తినుబండారాల ముందు. బాగుండేది అప్పుడు. ఎవరైనా పెద్దయ్యాక కూడా అలాగే ఉంటారని ఎందుకు అనుకోలేదు నేను. పొద్దున దాని వెనక నిలబడి ఆ మాట చెబుతున్నప్పుడు అద్దంలో నన్ను చూసిన చూపు, ఇప్పుడు గుర్తుకొస్తోంది, కోపం కాదది, పెద్ద ముక్క చేతిలో పట్టుకుని సరిచెయ్యమన్నట్టు చూసేది, అదే. లేదు, లేదు, అది నోరెత్తదు. భయం ఉంటుంది దానికి కూడా, నా కడుపున పుట్టింది, నా భయంలో సగమైనా ఉండదా. పోలీసులొస్తే. పేపర్లో ఫోటో వేస్తే. కోర్టులో నిలబెడితే, అక్కడ కుర్చీ ఉంటుందో ఉండదో, దానికి ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఇంకెక్కడా ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఈ పని చేసే చోట్లు ఎన్నుంటాయి, అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. వద్దు తల్లీ. ఒక్క గంట నోరు మూసుకో, తరవాత జీవితమంతా నీ ఇష్టం.

మళ్ళీ మొదలైంది. స్ స్ స్. మెత్తగానే. రెండో ఇటుక. ఆమె పక్కన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది, చేతి వేళ్ళకి ఎక్కడా కాలిన మచ్చలు లేవు, వంటచేసిన మచ్చలు తప్ప, అయినా ఆ చెయ్యి చూడలేకపోయాను. మెత్తటి చప్పుడు. ఎంత మెత్తగా ఉంది, నిమిరినట్టే ఉంది. నొప్పని ఒక్కసారి కూడా అనలేదట. ఎప్పుడూ పెట్టేంతే పెట్టాను. ఇంట్లో ఎవరైనా నన్ను, ఉప్పెక్కువ వేశావంటే, ఎప్పుడూ వేసేంతే వేశానని నేనూ అంటాను, ఎవరూ నమ్మరు, నాకు ఏడుపొస్తుంది, ఉప్పుకే. మంచం మీద పడుకుని ఆ మాట అంటూ ఒక మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు. ఇటుక గట్టిదని తేలితే తనకే నమ్మకం పోదూ, ఏమో, పెట్టానేమో, ఆ రోజు ఎక్కువ పెట్టానేమో అని. ఆ పైన ఆ ఒంటితో, ఆ అనుమానంతో, ఎక్కడ పని దొరుకుతుంది. నేనెందుకు ఇదంతా ఆలోచిస్తున్నాను, వాడు నా కొడుకా. వాడి కోసం తల్లి వచ్చి కూర్చుంది కదా. నా పిల్లకి నేను తప్ప ఎవరున్నారు.

ఆగింది.

ఇటుక అయిపోలేదు. ఇంత తొందరగా ఆగదు, నా వీపుకి తెలుసు ఎంతసేపో. కరెంటు పోయిందా, పోలేదు, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. లోపల మాటలు. గోడలోంచి మాటలు రావు, మాటల గొంతులు మాత్రం వస్తాయి, ముందు ఒక మగ గొంతు, మేనేజరుది, తరవాత ఇంకో మగ గొంతు, ఆ తరవాత సన్నగా, తొణక్కుండా, ఆగి ఆగి, ఒక ఆడ గొంతు. అది దానిదే. దానికి కోపమొచ్చినా గొంతు పెరగదు, సన్నబడుతుంది. ఏమంటోంది. ఏం చెబుతోంది వాళ్ళకి. నేను లేచాను, మళ్ళీ కూర్చున్నాను. కాపలా ఆయన అటునుంచి చూశాడు. తలుపు కొట్టనా, కొట్టి, మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, తీసుకుపోతాను, అననా, అది చిన్నపిల్లా బడిలోంచి తీసుకుపోవడానికి. మేనేజరు గొంతు పెద్దదైంది, ఒక్క మాట గోడ దాటి వచ్చింది, "అవసరం లేదు" అని. తరవాత ఏమీ లేదు. ఏదో బరువైనది నేల మీద లాగిన చప్పుడు, బస్తా లాగినట్టు. దారం తెంపి బస్తా మూతి విప్పడం నాకు వినబడలేదు, వినబడినట్టు చేతులకి అనిపించింది, నా చేతులు చీర అంచుని పట్టుకుని ఉన్నాయి.

"ఏమైందమ్మా, ఆపేశారు" అంది ఆమె.

నేను వీపు గోడకి ఇంకా గట్టిగా ఆనించాను.

చర్రుమంది. ఒక్కసారిగా, పళ్ళలోంచి, వెన్నులోంచి, పెనం మీద నీళ్ళు కాదు, పెనాన్నే ఎవరో గీకుతున్నట్టు. గోడ నా వీపుని తోసింది. ఆమె చెయ్యి తీసేసింది. కొత్త ఇసుక. మూలలున్న ఇసుక, కోసుకునే ఇసుక, ఇటుక ముఖం మీద పడి గుంట తవ్వుతోంది, లోతుగా, నా బొటనవేలు మొత్తం దిగేంత. చెప్పేసింది. వాళ్ళందరి ముందు, ఆ మేనేజరు ముందు, పొద్దున అద్దం దగ్గర నేను నేర్పిన మాట ఒక్కటీ వాడకుండా చెప్పేసింది. ఏడుపు రావాల్సింది. ఇన్నేళ్ళూ రాబోయేదాన్ని చూసి ఏడ్చాను, ఇప్పుడు వచ్చేసినదాన్ని చూస్తే ఏడవడానికి ఏమీ దొరకలేదు. ఒళ్ళంతా ఆ చప్పుడే. ఇంత చప్పుడులో నా పిల్ల నిలబడి ఉంది, ఒక్కతే, అందరూ దాన్నే చూస్తూ ఉంటారు.

"మోత మారింది" అంది ఆమె. నా ముఖం చూస్తోంది. "ఇందాకటిలా లేదు. ఇది మంచిదా, చెడ్డదా? నీకేమన్నా తెలుసా చెల్లెమ్మా?"

తెలియదు అనాలి. కాపలా ఆయనకి తెలుసునేమో అనాలి. "మీకు మంచిదే అక్కయ్యా" అన్నాను. "మీ అబ్బాయికి మంచిదే. ఇప్పుడు అరుగుతుంది. బాగా అరుగుతుంది."

"నీకెలా తెలుసు?"

"ఇందాక కొట్టింది పాత ఇసుక. మీ ఇటుకల్ని అప్పుడు పరీక్ష చేసింది కూడా అలాంటిదాంతోనే. ఇప్పుడు కొత్తది పోశారు." గొంతు వస్తోంది, నాదేనా అనిపించింది. "పోసింది మా అమ్మాయి. అప్పుడు ఆ ఇటుకలు గట్టివని సంతకం పెట్టింది కూడా మా అమ్మాయే."

ఆమె నావైపు తిరిగింది. నన్ను చూసింది, కళ్ళు చికిలించి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు. కాళ్ళు కిందికి దించింది, చెప్పుల కోసం పాదాలతో వెతుక్కుంది, లేచి దూరంగా పోతుందనుకున్నాను, పోతే పోనీ అనుకున్నాను, నా కొడుకుని కాల్చిన చెయ్యి మీ పిల్లదా అంటే అవునంటాను. చెప్పులు దొరికాయి, వేసుకుంది, కూర్చునే ఉంది. చర్రుమని గోడ ఆగకుండా అంటూనే ఉంది. కొంగు సర్దుకుని "ఆ పిల్లకి పెళ్ళయిందా" అంది.

"లేదు."

"ఉద్యోగం పోతుందా మరి?"

"పోతుంది" అన్నాను. ఎన్నిసార్లు ఎన్ని పోతాయని అన్నానో ఈ నోటితో, అన్నప్పుడల్లా ఎవరో ఒకరు, ఊరుకో, ఏమీ కాదు అనేవాళ్ళు. ఈమె అనలేదు. తల ఊపింది.

"మావాడికి చెప్పాలి" అంది తరవాత, మెల్లగా. "ముందు వాడికి చెప్పాలి. నేను చెబితే నమ్మడు. ఆ పిల్ల వచ్చి చెబుతుందేమో అడుగుతావా?"

అక్కడికా, ఆ మంచం దగ్గరికా, ఆ పెళ్ళాం ఉంటుంది, వాళ్ళ తమ్ముళ్ళుంటారు, ఎవరైనా చెయ్యి చేసుకుంటే, ఆ ఒంటిని చూసి ఇది అక్కడే పడిపోతే. అన్నీ ఒక్కసారిగా వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. "అడుగుతాను" అన్నాను. "నేనూ వస్తాను దానితో."

చప్పుడు ఆగింది. ఎర్ర దీపం ఆరిపోయింది. లోపల ఎవరూ మాట్లాడడం లేదు, తూస్తున్నట్టున్నారు, అందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు, ఆ త్రాసు దగ్గర ఊపిరి వదలకూడదు. తరవాత ఒక కుర్చీ జరిగింది, అడుగులు, ఒక్కరి అడుగులే, నా పిల్లవే, తలుపు వైపు. నేను చీర సర్దుకుని, ముఖం తుడుచుకుని, తలుపు తీసేసరికి అందరికన్నా ముందు నేనే కనబడేలా ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.